అల్ ఐన్ తోటలో నీరటి అన్న

దుబాయ్ లో ఉండేవాళ్ళకి సెలవులొస్తే మాల్ తప్ప వేరే దిక్కు లేదని ఓ అపవాదుంది (పూర్తిగా అపవాదు కూడా కాదులెండి). మొన్న ఈద్ సెలవుల్లో ఆ మాట పడకూడదని మేం నలుగురం పొద్దున్నే కారేసుకుని అల్ ఐన్ బయల్దేరాం. 130 కిలోమీటర్లు, గంటన్నర ప్రయాణం. దారి గురించి చెప్పడానికేం లేదు. ఇసుక, కంచె, కంచె అవతల ఒంటెలు, మళ్ళీ ఇసుక.

"ఐన్" అంటే అరబ్బీలో నీటి ఊట. ఊరు ఒమన్ సరిహద్దుని ఆనుకుని ఉంటుంది, అవతలి పక్క బురైమి. ఊరి నడిబొడ్డున ఖర్జూర తోట. చెట్లు 1,47,000 పైనే అంటారు. 2011లో యునెస్కో ఈ ఊరి ఒయాసిస్సుల్నీ, చుట్టుపక్కల పాత సమాధుల్నీ కలిపి వారసత్వ జాబితాలో చేర్చింది.

నాకు చెట్లకన్నా నీళ్ళు నచ్చాయి. ఇక్కడి కాలవని ఫలజ్ అంటారు. ఎగువన భూమిలో నీరు తగిలేదాకా బావి తవ్వి, అక్కడ్నుంచి నేల అడుగున సొరంగం గుండా నీళ్ళని ఊరిదాకా తెస్తారు. వాలు ఎక్కువైతే నీళ్ళు గట్టుని కోసేస్తాయి, తక్కువైతే కదలవు. మోటారు లేదు, కరెంటు లేదు. ఈ ప్రాంతంలో మూడు వేల ఏళ్ళ కిందటే ఈ పని చేశారట. ఇప్పుడు భూగర్భజలం బాగా కిందికి పోయి, బోర్ల నీళ్ళు కూడా కలపాల్సి వస్తోంది. అది మనకి కొత్త కథేం కాదు.

గోడల మధ్య నడుస్తుంటే ఒకాయన నడుముకి మోకులాంటిది కట్టుకుని చెట్టు దిగుతున్నాడు. మా మాటలు విని "తెలుగోళ్ళా అన్నా?" అన్నాడు. జగిత్యాల దిక్కు. మగ పూతని ఆడ చెట్టు గెలలో పెట్టొస్తున్నాడట, గాలికొదిలేస్తే కాయ సరిగా పట్టదని. పండగ పూట కూడా పనేంటన్నా అంటే, "చెట్టుకేం ఎర్క పండగ?" అన్నాడు.

కాలవలో రాయి జరిపి గుడ్డ కుక్కి నీళ్ళు పక్క మడికి మళ్ళించాడు. "మా తాత ఊర్ల నీరటోడు. చెర్వు తూము తీసుడు, ఎవల వంతు ఎవలకిచ్చుడు ఆయన పనే. మా బాపుకొచ్చేసరికి చెర్వుల నీళ్ళు లేవు. నాలుగు బోర్లేసినం, నాలుగూ ఎండినయ్." ఆ బోర్ల అప్పు తీరుద్దామని వచ్చి పదకొండేళ్ళయిందట. చెప్పేటప్పుడు ఏడుపు మొహమేం పెట్టలేదు, మోటారు రేటు చెప్పినట్టు చెప్పాడు.

తర్వాత అసలు ప్రశ్న అడిగాడు. "మీరు సాఫ్ట్‌వేరోళ్ళే గదా. మా పోరడు ఇంటర్ అయిపాయె, కంప్యూటర్ ఇంజనీరింగే జేస్తనంటుండు. ఇంకో నాలుగేండ్లు నేనీడ ఉండాలె. జేపియ్యాల్నా?"

నలుగురం నాలుగు మాటలు చెప్పాం. ఒకడు కళ్ళు మూసుకుని చేర్పించెయ్యమన్నాడు. ఇంకొకడు, మొన్న వాళ్ళ టీమ్ లో సగం మందిని తీసేశారు, వద్దన్నాడు. మూడోవాడు కాలేజీని బట్టి ఉంటుందన్నాడు (ఇది అన్నిటికీ పనికొచ్చే జవాబు). నేను అబ్బాయికి లెక్కలంటే ఇష్టమేనా అనడిగాను. ఆయన కాసేపాలోచించి, "ఫోన్ల దినాం మాట్లాడ్త గానీ, గదెప్పుడు అడగలే అన్నా" అన్నాడు.

నా నంబరిచ్చి, అబ్బాయినే ఫోన్ చెయ్యమన్నాను. మావాడొకడు డబ్బులివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టి, దోసెడు ఖర్జూరాలు మా చేతిలో పోశాడు.

మధ్యాహ్నం జబల్ హఫీత్ ఎక్కాం. 60 మలుపుల రోడ్డు, పైన గాలి బ్రహ్మాండంగా ఉంది. మా కారులో మాత్రం ఆ చదువు గొడవే, తిరిగి దుబాయ్ వచ్చేదాకా తెగలేదు. ఆ అబ్బాయి మొన్న శుక్రవారం ఫోన్ చేశాడు. లెక్కల్లో 150కి 131 వచ్చాయట. ఇంజనీరింగ్ సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ నాన్నగారు చేసే పనేంటో తెలుసా అన్నాను. ఏదో తోటలో సూపర్‌వైజరు అన్నాడు. నేనేం మాట్లాడలేదు.