శూన్యం నడిపే ఇరుసు

ఫోర్‌వీల్ డ్రైవ్ అనగానే పాతతరం ఉద్యోగులకు గుర్తుకు వచ్చే దృశ్యం ఒకటుంది. జీపు ఆపి, మోకాటిలోతు బురదలోకి దిగి, ముందు చక్రాల నడుమనున్న హబ్బులను చేత్తో తిప్పి లాకు వేసి, కాళ్లు కడుక్కునే అవకాశం లేక అదే బురదతో మళ్లీ స్టీరింగు ముందు కూర్చునే డ్రైవరు. ఆ శ్రమ తప్పించడానికి తయారీదారులు కనిపెట్టిన ఉపాయాలలో వాక్యూమ్‌తో పనిచేసే ముందు ఇరుసు ఒకటి. 1980లలో వచ్చిన జీప్ చెరోకీ, 1987లో వచ్చిన రాంగ్లర్, 1991లో వచ్చిన రెండవ తరం మిత్సుబిషి పజేరో మొదలైన వాహనాలలో ఈ ఏర్పాటు కనబడుతుంది. అటువంటి ఇరుసే గల పాత డీజిల్ బండి ఒకటి మా వాహన విభాగానికి తెచ్చిపెట్టిన చిక్కును సహోద్యోగులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ముందుగా దాని పనితీరు చెప్పుకోవాలి. మామూలు రోడ్డు మీద ముందు చక్రాలకు ఇంజను శక్తి అవసరం లేదు. అందుచేత ముందు ఇరుసులో ఒక పక్కనున్న షాఫ్టును రెండు ముక్కలుగా చేసి, ఆ ముక్కలను కలపడానికి పళ్లున్న ఒక కాలరును అమర్చారు. కాలరు ఒకవైపు జరిగితే రెండు ముక్కలూ ఏకమవుతాయి, రెండోవైపు జరిగితే విడిపోతాయి. దానిని జరిపే ఫోర్కును లాగేది రబ్బరు డయాఫ్రం, డయాఫ్రాన్ని కదిపేది వాక్యూమ్. డీజిల్ ఇంజనుకు పెట్రోలు ఇంజనులా మానిఫోల్డులో తగినంత వాక్యూమ్ పుట్టదు కనుక ప్రత్యేకంగా ఒక పంపు ఉంటుంది. మా బండిలో అది ఆల్టర్నేటరు వెనుక ఉన్నది. అక్కడి నుంచి ఒక శాఖ బ్రేకు బూస్టరుకు, మరొక శాఖ చెక్ వాల్వు మీదుగా ఒక చిన్న ట్యాంకుకు, ట్యాంకు నుంచి రెండు సోలినాయిడ్ వాల్వులకు, వాటి నుంచి రెండు సన్నని గొట్టాల ద్వారా ఇరుసుకు. ఒక గొట్టం కలపడానికి, ఒకటి విడదీయడానికి. కలయిక పూర్తయితే డాష్‌బోర్డు మీది దీపం నిలకడగా వెలుగుతుంది, కాకపోతే మిణుకుమిణుకుమంటుంది.

ఆ కలయిక జరగనప్పుడు ఫలితం సగం కాదు, సున్న. డిఫరెన్షియల్ స్వభావమే అంత. తేలికగా తిరిగే వైపుకే తిప్పుడంతా పోతుంది. విడిపోయిన షాఫ్టు ముక్క ఏ బరువూ లేకుండా గిర్రున తిరుగుతుంటే రెండో పక్కనున్న చక్రం కూడా నిశ్చలంగా నిలబడిపోతుంది. లీవరు పడుతుంది, ట్రాన్స్‌ఫర్ కేసు పనిచేస్తుంది, ముందు ప్రొపెల్లర్ షాఫ్టు కూడా తిరుగుతుంది, బండి మాత్రం ఎక్కదు.

2013 ఆగస్టులో జరిగినది సరిగ్గా ఇదే. అప్పటి విశాఖపట్నం జిల్లా, 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్న పాడేరు కొండల్లో విద్యుత్ లైను టవర్ల గస్తీకి నలుగురితో వెళ్లిన బండి, ఒక గెడ్డ దాటి అవతలి గట్టు ఎక్కలేక నిలిచిపోయింది. పైన ఎక్కడో వాన కురిసి నీరు పెరుగుతున్నది. మనుషులు తాడు పట్టుకొని గట్టు చేరారు. బండిని మర్నాడు ఉదయం దగ్గరి ఊరివారు తాళ్లు కట్టి లాగారు. ఎవరికీ దెబ్బ తగలకపోవడం అదృష్టం.

అసలు చిక్కు ఆ తరువాత మొదలైంది. బండిని యార్డుకు తెచ్చి చూస్తే ఫోర్‌వీల్ చక్కగా పడుతున్నది. దీపం నిలకడగా వెలుగుతున్నది. ఒకసారి కాదు, పదిసార్లు. దానితో లీవరు వేయకుండానే నీటిలోకి దిగాడన్న అనుమానం డ్రైవరు మీద పడింది. నిర్లక్ష్యంగా నడిపినందుకు సంజాయిషీ కోరుతూ మెమో వచ్చింది. ఆయన నవంబరులో పదవీ విరమణ చేయవలసినవాడు. విచారణ తేలకుండా ఉద్యోగం ముగిస్తే రావలసిన సొమ్ము లెక్కలు ఎలా నిలిచిపోతాయో ప్రభుత్వరంగంలో పనిచేసిన ఎవరికీ వివరించనక్కరలేదు. మరోపక్క, బండికి వయసు మీరింది గనుక కండెమ్ చేయవచ్చునని ఒక అభిప్రాయం, ముందు ఇరుసు సామాగ్రి మొత్తం మార్చాలని బయటి వర్క్‌షాపువారి వేల రూపాయల ఎస్టిమేటు. ఈ కాగితాలన్నీ ఒకే ఫైలులో కట్టి మా విభాగానికి సాంకేతిక అభిప్రాయం కోసం పంపారు.

మేము ముందుగా తెరిచినది బానెట్టు కాదు, లాగ్‌బుక్. వాహనం చూడడానికి ముందు దానితో రోజూ బతికే మనిషి ఏం రాశాడో చదవడం మా విభాగంలో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. గెడ్డ సంఘటనకు మూడు వారాల ముందు ఆయన చేతిరాతలో ఒక వాక్యం ఉన్నది, ఘాటు ఎక్కేటప్పుడు బ్రేకు గట్టిపడుతున్నదని. ఫోర్‌వీల్‌కూ బ్రేకుకూ వాక్యూమ్ పంపు ఒక్కటే. రెండూ ఒకేచోట, అంటే ఎత్తు మీద, బలహీనపడుతున్నాయంటే దోషం ఇరుసు దగ్గర కాదు, ఎగువన ఉండాలి. ఆయనను పిలిపించి అడిగాము. “బాబూ, ఇది నిలబడి ఉన్నప్పుడు చెప్పదండీ, ఎక్కేటప్పుడే చెబుతుంది. గెడ్డలో దీపం కొట్టుకుంటూనే ఉంది, నేను చూశాను” అన్నారు. అంతకుమించి తనను సమర్థించుకునే ప్రయత్నం చేయలేదు.

అయినా ఇరుసును పరీక్షించకుండా వదలలేదు. ముందు చక్రాలు రెండూ జాకీల మీద లేపి, వెనుక చక్రాలకు చెక్కలు పెట్టి, ఇంజను నడుపుతూ ఫోర్‌వీల్ లీవరు వేశాము. దీపం నిలిచాక గేరులో ఉంచి ఇంజను ఆపి, ఒక చక్రాన్ని చేత్తో తిప్పగా రెండోది ఎదురు దిశలో తిరిగింది. కలయిక జరిగిందనడానికి దీపం కన్నా నమ్మదగిన గుర్తు ఇది, ఎందుకంటే దీపానికి ఉన్న స్విచ్చి కూడా ముసలిదై అబద్ధం చెప్పవచ్చు. తరువాత ఇంజను ఆన్ చేసి, లీవరును టూవీల్‌లో ఉంచి, ఇరుసు దగ్గరి రెండు గొట్టాలనూ తారుమారు చేసి పెట్టాము. అప్పుడు టూవీల్‌లోనే కాలరు కలిసింది. అంటే డయాఫ్రం, ఫోర్కు రెండూ ఆరోగ్యంగానే ఉన్నాయి. పైసా ఖర్చు లేని ఈ పరీక్షతో ఎస్టిమేటులోని పెద్ద పద్దు తేలిపోయింది.

ఇక మిగిలినది వాక్యూమ్‌ను కొలవడం. ఇక్కడ కాస్త ఆగి ఒక సంగతి చెప్పాలి. శూన్యం దేనినీ లాగదు. నెట్టేది మన చుట్టూ ఉన్న గాలి. 17వ శతాబ్దంలో ఇటలీవాడైన టోరిచెల్లి పాదరసపు గొట్టంతో చూపినది ఈ గాలి బరువునే. సముద్రమట్టం వద్ద అది 760 మిల్లీమీటర్ల పాదరసానికి సమానం, సుమారు 900 మీటర్ల ఎత్తున్న పాడేరులో 680 చిల్లర. కనుక విశాఖలో బాగుందనిపించే పంపు కొండ మీద తక్కువ చూపిస్తే పంపు చెడిందని తొందరపడకూడదు. లేహ్‌లో పనిచేసి బదిలీ మీద వచ్చిన మా సహోద్యోగి ఒకరు, 3,500 మీటర్ల ఎత్తున ఉన్న గాలే 490కి అటూఇటూగా ఉంటే గేజీ 600 ఎలా చూపుతుందని అక్కడి కొత్త మెకానిక్కులతో వాదించవలసి వచ్చేదని చెప్పారు. ఈ ఎత్తు లెక్క వర్క్‌షాపు గోడ మీద రాసి ఉంచదగినదని మా అభిప్రాయం.

ట్యాంకుకు వెళ్లే గొట్టంలో ఒక టీ ముక్క బిగించి, పొడవాటి గొట్టంతో గేజీని క్యాబిన్‌లోకి తెచ్చాము. డ్రైవరును ఆయన సీటులోనే కూర్చోబెట్టి, మేము పక్కన కూర్చొని కొండ దారి పట్టాము. సమతలం మీద ముల్లు 610 దగ్గర కదలకుండా నిలిచింది. ఎత్తు మొదలైంది. బండి ముక్కు పైకి లేచి, తక్కువ గేరులో ఇంజను మీద బరువు పడగానే ముల్లు మెల్లగా జారడం మొదలుపెట్టి 280కి దిగింది. దారి మధ్యలో బ్రేకు మీద ఆపి చూసినా, ముక్కు పైకి ఉన్నంతసేపూ కోలుకోలేదు. 7 సెంటీమీటర్ల వ్యాసమున్న డయాఫ్రం మీద 600 మిల్లీమీటర్ల వాక్యూమ్ 30 కిలోల బలాన్నిస్తుంది. 280కి దిగితే 15 కిలోలు కూడా ఉండదు. పాత గ్రీజు పట్టిన ఫోర్కును జరపడానికి అది చాలదు. అక్కడే లీవరు వేయించాము. దీపం మిణుకుమిణుకుమన్నది. ఆయన మా వైపు చూడలేదు, రోడ్డు వైపే చూస్తూ ఊరుకున్నారు.

బండి అదే ఏటవాలులో ఉండగానే వెనుక చక్రాలకు రాళ్లు పెట్టి, హ్యాండ్‌బ్రేకు బిగించి బానెట్టు తెరిచాము. వాక్యూమ్ లీకుకు సబ్బునురగ పనికిరాదు. గాలి బయటికి రాదు, లోపలికి పోతుంది. నురగ కూడా దానితోపాటే పోతుంది. చెవే ఆధారం, కానీ డీజిల్ ఇంజను శబ్దంలో చెవి చేసేది కొంతే. ఇంజను ఆపించి, చెక్ వాల్వు దాటిన తరువాత ఉన్న గొట్టాన్ని ట్యాంకు దగ్గర విడదీసి నోటితో మెల్లగా ఊదగా, చెక్ వాల్వు పక్కనున్న వంపు తిరిగిన రబ్బరు ముక్క అడుగున వేలికి చల్లగా గాలి తగిలింది. ఇంజను మౌంటింగులు అరిగిపోయి, బండి ముక్కు లేచినప్పుడు ఇంజను కొద్దిగా వెనక్కు వాలుతున్నది. వేడికి గట్టిపడిన ఆ రబ్బరు వంపు అడుగున ఉన్న పగులు అప్పుడు నోరు తెరుస్తున్నది. యార్డులో, సమతలం మీద, నోరు మూసుకుంటున్నది.

ఆ ముక్క ఖరీదు నూరు రూపాయల లోపే. మౌంటింగులు కూడా మార్చాము, లేకపోతే కొత్త రబ్బరుకూ అదే గతి పట్టేది. ఇక్కడ పని చేసేవారికి ఒక మాట. దగ్గర దొరికిందని నీళ్ల గొట్టమో, వైపరు గొట్టమో తెచ్చి తగిలించవద్దు. పలుచని గొట్టం వాక్యూమ్‌కు చప్పిడై మూసుకుపోతుంది, అప్పుడు లీకు లేకుండానే ఇరుసు కదలదు. దళసరి గోడ ఉన్న వాక్యూమ్ గొట్టమే వేయాలి. ఇతర బండ్లలో మేము చూసినవాటిలో సోలినాయిడ్ ఫిల్టరులో దుమ్ము పేరుకోవడం, వైర్ల కనెక్టరులో పచ్చతుప్పు, రెండు గొట్టాలను ఎవరో తారుమారుగా పెట్టడం తరచుగా కనబడేవి. ఇరుసు గొట్టంలో గేరు ఆయిలు చుక్కలు కనబడితే మాత్రం సీలు, డయాఫ్రం రెండూ చూడాలి.

మా అభిప్రాయంలో గేజీ అంకెలన్నీ సమతలంలో ఒక వరుస, ఎత్తు మీద ఒక వరుసగా రాసి, లాగ్‌బుక్‌లోని ఆ వాక్యం ఉన్న పుట నకలు జతచేసి పంపాము. పగిలిన రబ్బరు ముక్కను ఒక కవరులో పెట్టి ఫైలుకే కుట్టించాము. మెమోను ఉపసంహరించుకుంటున్నట్టు అక్టోబరు రెండవ వారంలో ఉత్తర్వు వచ్చింది. డ్రైవరుగారు నవంబరు చివరి రోజున ఆ బండిలోనే మా విభాగం వారందరినీ ఎక్కించుకొని పాడేరు ఘాటు ఎక్కించారు. దారిలో అవసరం లేకపోయినా ఒకచోట ఫోర్‌వీల్ వేసి, దీపం వైపు వేలు చూపించారు. కండెమ్ ప్రతిపాదన ఆ ఏడాదికి ఆగింది. బండి 2018 వరకు గస్తీకి తిరిగి, ఆ సంవత్సరం వేలంలో పోయింది.