స్ప్లెండరా, షైనా?

మా భవాని పేట్‌ల బండి కొంటుంటే టవెళ్ల మూట వెనక ఎట్ల నిలబడతదో ముందు చూడాలె. మైలేజీ తర్వాత సంగతి. మా ఇంట్ల మొదట్నుంచీ స్ప్లెండరే. ఇప్పుడు నా మనసు హోండా షైన్ 100 మీదికి పోతున్నది. "కంపెనీ మారుస్తవారా?" అంటడు మామ. 1994ల స్ప్లెండర్ వచ్చినప్పుడు ట్యాంకు మీద ఉన్న పేరు హీరో హోండానే కదా! 2010 డిసెంబర్‌ల ఆ రెండు కంపెనీలు విడిపోతున్నమని చెప్పినయి. ఇంజన్లు చూస్తే స్ప్లెండర్‌ది 97.2 సీసీ, షైన్‌ది 98.98. ఏం పెద్ద తేడా? కాకపోతే స్ప్లెండర్ క్లచ్ వైరు ఏ సందులనైనా దొరుకుతది. షైన్ 100 వచ్చిందే 2023ల. దాని మీద మూటలేసి తిప్పినోళ్లుంటే చెప్పున్రి, వెనక షాకబ్జర్లు ఆగుతున్నయా?