జైపూర్ బొగ్గు... ఇంట్లో పరిశోధన!

మంచిర్యాల నుంచి చెన్నూరు వైపు వెళ్తుంటే జైపూర్ దగ్గర ఎత్తైన పొగగొట్టం పలకరిస్తుంది. అదే సింగరేణి థర్మల్ విద్యుత్ కేంద్రం. 2016లో మొదలైంది. 600 మెగావాట్ల యూనిట్లు రెండు. సింగరేణి గనుల బొగ్గే దీనికి ఆహారం. దీనికీ ఇంట్లో కంప్యూటర్‌కీ సంబంధం ఏమిటంటారా? ఉంది!

ఖాళీగా ఉన్న కంప్యూటర్‌ను శాస్త్రవేత్తలకు అరువిచ్చే సరదా ఒకటుంది. 1999లో వచ్చిన ‘సెటీ ఎట్ హోమ్’ లక్షల ఇళ్ల కంప్యూటర్లతో గ్రహాంతరవాసుల సంకేతాల కోసం వెతికించింది. 2020లో ఆ వేట ఆగింది. 2000లో మొదలైన ‘ఫోల్డింగ్ ఎట్ హోమ్’ది ప్రొటీన్లు ఎలా ముడుచుకుంటాయో తేల్చే పని. 2020లో కరోనా వైరస్ ప్రొటీన్లనూ ఇలాగే పరిశీలించారు. పెద్ద లెక్కను ముక్కలు చేసి ఇంటింటికీ పంపుతారు. ఆటల కోసం కొన్న గ్రాఫిక్స్ కార్డు వాటిని చకచకా చేసిపెడుతుంది.

మరి, ఇది ఖర్చు లేని దానమేనా? కాదు. 300 వాట్ల కార్డు రోజంతా నడిస్తే 7 యూనిట్లు దాటుతుంది. బొగ్గు కరెంటైతే అందుకోసం సుమారు 5 కిలోల బొగ్గు మండాలి. ఎండాకాలం గదిలో వేడి సరేసరి!

దానం చేయొద్దని కాదు. అందులో గని కార్మికుడి చెమట కూడా ఉంది. జైపూర్ పొగగొట్టాన్ని ఒక్కసారి చూస్తే, ఆ మాట ఎవరూ చెప్పక్కర్లేదు.