కబ్బన్ రోడ్డు చర్చి, దాని గాలి వాద్యం

పీణ్యలో ఎన్నేండ్లు ఉన్నా మనలో చాలామందికి బెంగళూరు అంటే ఫ్యాక్టరీ గేటు, సంత, పండక్కి ఊరికి పోయే బస్సు. అంతే. పనిలోంచి దిగినాక నాకు తీరిక దొరికింది, ఒక్కొక్క చోటూ చూసి వస్తున్నాను. ఈసారి కబ్బన్ రోడ్డులోని సెయింట్ ఆండ్రూస్ చర్చి గురించి చెప్తాను. నేను చర్చికి పోయేవాణ్ణి కాదు. అయినా అక్కడ ఉన్న ఒక వాద్యం మిల్లు మనుషులు చూడాల్సింది.

పోవడం సులభం. పీణ్యలో గ్రీన్ లైన్ మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో దిగి పర్పుల్ లైన్ మారాలి. కబ్బన్ పార్క్ స్టేషన్‌లో దిగితే అక్కడినుంచి నడకే. ఎర్ర గోడలు, ఎత్తయిన గోపురం దూరానికే కనబడతాయి.

కంటోన్మెంటులో ఉండిన స్కాట్లాండ్ వాళ్ళ కోసం కట్టిన చర్చి ఇది. 1864లో పునాది రాయి వేసినారు, 1866లో తెరిచినారు. ఇప్పుడు సి.ఎస్.ఐ. కింద ఉంది. స్కాట్లాండ్ చర్చిల్లో మొదట వాద్యాలే పనికిరావు అనేవాళ్ళంట. ఒకాయన పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు, మన భజనలో మాదిరి. 1860ల నుంచి ఆ కట్టు సడలింది. 1881లో ఇక్కడికి గొట్టాల ఆర్గాన్ చేయించినారు.

చేసినవాళ్ళు పీటర్ కొనాకర్ కంపెనీ. వాళ్ళ కార్ఖానా ఇంగ్లండులో హడర్స్‌ఫీల్డ్‌లో ఉండేది. ఆ ఊరి పేరు వినగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఉన్ని బట్టకు పేరుపడిన ఊరు అది. అంటే మగ్గాల ఊర్లో పుట్టిన వాద్యమన్న మాట.

హార్మోనియం మనకందరికీ తెలుసు. తిత్తి కొడితే గాలి పోయి లోపలి ఇత్తడి రేకులను ఆడిస్తుంది. ఆర్గాన్‌లో ఆ గాలి నిలబెట్టిన గొట్టాల్లోకి పోతుంది. ఎక్కువ గొట్టాలు పిల్లనగ్రోవి మాదిరే పలుకుతాయి. కొన్ని చెక్కవి, కొన్ని తగరం సీసం కలిపి పోసినవి. గొట్టం ఎంత పొడుగైతే స్వరం అంత కిందిది. 8 అడుగుల గొట్టం పలికే స్వరాన్నే 4 అడుగులది పై స్థాయిలో పలుకుతుంది. వాయించేవాళ్ళకు చేతులకే కాదు, కాళ్ళకు కూడా మీటలుంటాయి.

ఆ కాలం ఆర్గాన్లలో మీట నొక్కితే సన్నని చెక్క పట్టీలు లాగుకొని గొట్టం కింద మూత తెరుచుకునేది. జకార్డ్ మగ్గంలో కొక్కెం లేస్తే పడుగు పోగు లేస్తుంది కదా, ఆ లెక్కే. అక్కడ పోగు లేస్తే పువ్వు పడుతుంది, ఇక్కడ మూత లేస్తే పాట వస్తుంది.

1881లో బెంగళూరికి కరెంటు లేదు. 1905లో గానీ వీధుల్లో కరెంటు దీపాలు వెలగలేదు. అన్నేండ్లూ వాయించేవాళ్ళు ముందర కూర్చుంటే, పక్కన ఒక మనిషి తిత్తి కొడుతూ ఉండాల్సిందే. చెయ్యి ఆగితే పాట ఆగుతుంది. వాయించినవాళ్ళను అందరూ మెచ్చుకుంటారు, గాలి కొట్టినవాణ్ణి ఎవరు తలుచుకుంటారు? షెడ్డులో నూనె పోసినవాళ్ళకు ఆ సంగతి చెప్పనక్కరలేదు.

ఇట్లాంటి వాద్యానికి తేమ, దుమ్ము, చెద, ఎలుక అన్నీ శత్రువులే. చెక్క ఉబ్బుతుంది, తోలు పగులుతుంది. అయినా ఆ ఆర్గాన్ మిగిలి ఉంది. ఎందుకంటే దాంతో పని ఉన్న మనుషులున్నారు, రిపేరు తెలిసిన చేతులను వెతికి తెచ్చుకున్నారు.

నేను నడిపిన మగ్గాలు మిల్లు మూసినాక కిలోల లెక్కన గుజిరీకి పోయినాయి. వాటి చప్పుడు వినే ఏ షిఫ్టులో ఏది చెడిందో చెప్పగలిగేవాళ్ళం. ఆ చప్పుడు ఇప్పుడు మన చెవుల్లో తప్ప ఎక్కడా లేదు.

అందుకే ఒక మాట. ఎవరింట్లోనైనా పాత షటిల్, బాబిన్, దువ్వెన, జకార్డ్ అట్ట ముక్క ఉంటే పారేయకండి. మనవళ్ళను కూర్చోబెట్టి దాన్ని ఏమంటారో, ఏ చేత్తో పట్టుకునేవాళ్ళమో చూపించండి. తీరిక ఉన్న ఆదివారం కబ్బన్ రోడ్డుకు కూడా తీసుకుపోండి. గేటు దగ్గర అడిగి లోపలికి పోయి వెనక బెంచీలో కూర్చుంటే చాలు. కింది స్వరం వచ్చినప్పుడు బెంచీ సన్నగా అదురుతుంది. మగ్గం షెడ్డు నేల అదిరినట్టు.