జిగురు, చేతివేళ్లు, వుజూ

సెలవులు వచ్చాయంటే చాలు, మన ఇళ్లలోకి ప్లాస్టిక్ నమూనాల పెట్టెలు వచ్చి చేరుతున్నాయి. విడి భాగాలను చట్రం నుండి కత్తిరించి, అతికించి, రంగులద్ది ఓడనో, విమానాన్నో, కోటనో నిలబెట్టడం పిల్లలకు ఓపికను, చేతినైపుణ్యాన్ని నేర్పే వినోదం. మేము దానిని కాదనము. బొమ్మలు చేయడమే జీవనోపాధిగా గల ఒక వ్యక్తికి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెట్లను, ప్రాణం లేని వస్తువులను చిత్రించుకొమ్మని సలహా ఇచ్చిన ఉదంతం హదీసు గ్రంథాలలో ఉంది. అందుకే మా విద్యార్థులకు మేము మస్జిదులు, వంతెనలు, ఓడల నమూనాలనే సూచిస్తూ ఉంటాము.

అయితే పెట్టెను ఎంతో ఆలోచించి కొనే తల్లిదండ్రులు జిగురు దగ్గరకు వచ్చేసరికి, ఇంట్లో ఏది ఉంటే అది పిల్లవాడి చేతికిచ్చేస్తున్నారు. నమూనా పాడైతే పోయేది కొంత సొమ్ము మాత్రమే. కన్ను, ఊపిరి, నమాజు అంతకంటే విలువైనవి. కనుక ఈ విషయాన్ని కాస్త వివరంగా తెలుసుకోవడం మంచిది.

ఈ నమూనాలలో అధిక భాగం పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో తయారవుతాయి. దానికి తగినది ప్లాస్టిక్ సిమెంట్. పేరు సిమెంటే గాని ఇది రెండు ముక్కల నడుమ పొరలా నిలిచేది కాదు. ఇందులోని బ్యుటనోన్ వంటి ద్రావకాలు ఇరువైపుల అంచులను కరిగిస్తాయి. కరిగిన అంచులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, ద్రావకం ఆవిరైపోతుంది, రెండు ముక్కలు ఒకే ముక్క అవుతాయి. అందువల్ల అంచుల మీద రంగు ఉంటే ముందుగా గీకివేయాలి. పలుచని రకమైతే ముక్కలను ఆనించి పట్టుకుని, సందు వద్ద కుంచెతో తాకిస్తే చాలు, అదే లోపలికి పాకుతుంది. ఎక్కువైతే నమూనా మీది సన్నని చెక్కడాలు కరిగిపోతాయి. థర్మోకోల్ కూడా పాలీస్టైరీనే, కాని నురుగు రూపంలో ఉన్నది. ఈ ద్రావకం తగిలితే అది గుంటలు పడి కరిగిపోతుంది. థర్మోకోల్‌తో మస్జిదు కట్టే పిల్లలకు నీటితో తయారైన తెల్లని జిగురే సరైనది. అది ఆరితే పారదర్శకమవుతుంది గనుక నమూనాల కిటికీ అద్దాలకు కూడా పనికివస్తుంది.

మన ప్లాస్టిక్ ఏదో తెలియనప్పుడు, వృథాగా మిగిలిన చట్రం ముక్క మీద ఒక చుక్క సిమెంట్ వేసి చూడాలి. మెత్తబడితే అది పని చేస్తుంది. బకెట్లు, డబ్బాలు తయారయ్యే పాలీప్రొపిలీన్ వంటివాటిని సాధారణ జిగుర్లేవీ గట్టిగా పట్టుకోలేవు.

రెండవది, క్షణాలలో పట్టే జిగురు, అంటే సైనోఅక్రిలేట్. 1942లో హారీ కూవర్ అనే అమెరికా శాస్త్రవేత్త తుపాకీ గురిచూపు అద్దాలకు తగిన ప్లాస్టిక్ కోసం వెతుకుతుండగా ఇది ఎదురైంది. అన్నింటికీ అంటుకుపోతున్నదని అప్పట్లో పక్కన పెట్టారు. 1958లో అదే గుణాన్ని చూపి అమ్మకానికి తెచ్చారు. రెసిన్ బొమ్మలకు, లోహపు చిన్న ముక్కలకు ఇది తగినది. పారదర్శకమైన భాగాలకు వాడితే దీని ఆవిరి వల్ల తెల్లని మసక ఏర్పడుతుంది. బరువైన లోహపు ముక్కలకు రెండు గొట్టాల నుండి తీసి కలిపే ఎపాక్సీ మేలు.

సైనోఅక్రిలేట్ గాలిలోని, చర్మంలోని తేమతోనే గట్టిపడుతుంది. అందుకే వేళ్లను అంత త్వరగా పట్టుకుంటుంది. నూలు గుడ్డ మీద ఒలికితే కాలేంత వేడి పుడుతుంది గనుక నూలు గుడ్డతో తుడవరాదు. దాని చిన్న గొట్టాన్ని కంటి మందు పక్కన ఎన్నడూ ఉంచకండి. కంట్లో పడితే నీటితో బాగా కడుగుతూ వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి, రెప్పలను బలవంతంగా విడదీయరాదు. ద్రావకాలు గల జిగుర్లను కిటికీలు తెరచి, పొయ్యికి దూరంగా వాడాలి. కొందరు పిల్లలు ఆ వాసనను కావాలని పీల్చి మత్తుకు అలవాటు పడుతున్నారు. మత్తు గొంతులోంచి వచ్చినా, ముక్కులోంచి వచ్చినా మత్తే. తల్లిదండ్రులు సీసాను తమ వద్దనే ఉంచుకుని, అవసరమైనప్పుడు దగ్గర కూర్చుని ఇవ్వాలి.

ఇక చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఎండిన జిగురు వేలి మీద ఒక పొరగా నిలుస్తుంది, నీటిని చర్మానికి చేరనివ్వదు. గోరింటాకు వదిలేది రంగు మాత్రమే, కాబట్టి దానితో వుజూకు ఆటంకం లేదు. గోళ్ల రంగు పొర గనుక ఆటంకం. జిగురు ఈ రెండవ కోవలోకి వస్తుంది. ఒక ప్రయాణంలో తొందరగా వుజూ చేసి మడమలను సరిగా తడపని వారిని దైవప్రవక్త (సల్లం) ఎంత తీవ్రంగా హెచ్చరించారో మనకు తెలుసు. పొడిగా మిగిలినది కొద్ది చోటే కదా అని ఆయన ఉపేక్షించలేదు.

కనుక జిగురు అంటుకున్నప్పుడు గోరువెచ్చని సబ్బు నీటిలో వేళ్లను నానబెట్టి, మెల్లగా దొర్లిస్తూ తొలగించాలి. అప్పటికీ పోకపోతే గోళ్ల రంగు తొలగించే అసిటోన్‌ను కొద్దిగా వాడవచ్చు. అయితే కంటికి, నోటికి, గాయానికి దానిని తగలనివ్వరాదు. తర్వాత చేతులు శుభ్రంగా కడుక్కోవాలి. లాగితే చర్మం ఊడివచ్చేలా ఉంటే బలవంతం చేయకండి. షరీఅత్ మనిషిని హానిలోకి నెట్టదు. అటువంటి స్థితిలో ఉన్న సడలింపును మీ మస్జిదు ఇమామ్ గారినో, దగ్గరలోని ఆలిమ్‌నో అడిగి తెలుసుకోండి.

ఈ చిక్కును ముందే తప్పించుకోవడం ఇంకా తేలిక. జిగురును గొట్టంతో నేరుగా కాక పుల్ల మొనతో అద్దితే, సన్నని చేతి తొడుగులు వేసుకుంటే వేళ్లు శుభ్రంగా ఉంటాయి. అతికించే పనిని అజాన్‌కు ముందు కాక నమాజు ముగిసిన తర్వాత మొదలుపెట్టించండి. అప్పుడు పిల్లవాడికి తొందర ఉండదు, నమూనా కూడా కుదురుగా వస్తుంది.