పసుపు దీపము

సుల్తాన్ బజారులో సాయంకాలము అడుగు తీసి అడుగు వేయుటకు చోటుండదు. చీరల అంగళ్లు, గాజుల అంగళ్లు, నెత్తిమీద మెట్రో రైలు. ఆ సందడి నడుమ ఒక బాడుగ కారు వణకుచు వచ్చి, సందులోని మరమ్మతు కొట్టు ముందు నిలిచెను. డాష్‌బోర్డుపై ఇంజను బొమ్మగల పసుపు దీపము మిణుకుమిణుకుమనుచుండెను.

"ఉస్తాద్, ఈ దీపమొక్కటి ఆర్పివేయండి. రాత్రికి నల్లగొండ పెండ్లివారి బాడుగ ఉన్నది. అది తప్పినచో ఈ నెల వాయిదా కట్టలేను" అని డ్రైవరు బతిమాలెను.

దీపము ఆర్పుట నిమిషపు పని. కాని అది ఏల వెలిగినది? ఇంజనులోని క్రాంకు షాఫ్టు తిరుగు వేగమును ఒక సెన్సారు నిరంతరము కనిపెట్టుచుండును. ఏదేని ఒక సిలిండరులో పెట్రోలు అంటుకొననిచో ఆ త్రిప్పులో వేగము రవంత తగ్గును. మన చేతికందని ఆ తగ్గుదలను కంప్యూటరు పసిగట్టి, అది ఏ సిలిండరో లెక్కగట్టి, ఒక సంకేతము వ్రాసికొనును. చిన్న లోపమైనచో ఒక్కసారికే గోల చేయదు. మరుసటి ప్రయాణమునను కనబడిన పిదపనే దీపము వెలిగించును. దీపము మిణుకుమన్నదా, అపాయము దగ్గర పడినదన్నమాట. కాలని పెట్రోలు పొగగొట్టములోనికి పోయి, పొగను శుద్ధిచేయు కాటలిటిక్ కన్వర్టరును వేడెక్కించి పాడుచేయును.

అమెరికాలో 1996 నాటి కార్లన్నిటికిని ఈ ఏర్పాటు ఒకే తీరున ఉండవలెనని నియమించిరి. మన దేశమున 2010 నుండి కార్లకును, 2020 నుండి మోటారు సైకిళ్లకును వచ్చినది. అంతకుముందు మేస్త్రీలు స్క్రూడ్రైవరు పిడిని చెవికానించి ఇంజను చప్పుడు వినెడివారు. ఆ విద్యయు తక్కువది కాదు.

పనినేర్చుకొను కుర్రవాడు స్టీరింగు క్రిందనున్న సాకెట్టుకు యంత్రమును తగిలించెను. తెరపై పి 0301 అని కనబడెను. అనగా మొదటి సిలిండరు.

"ప్లగ్గు మార్చుదమా, ఉస్తాద్?"

"ఎక్కడ నొప్పియో చెప్పినది గాని, ఎందుకు నొప్పియో చెప్పలేదురా" అని ఉస్తాదు ఇంజను మూత తెరచెను. ఆ కారులో సిలిండరుకొక కాయిలు. మొదటిదాని కాయిలును రెండవదానికిని, రెండవదానిని మొదటిదానికిని మార్చి, సంకేతమును చెరపి, ఇంజనును నడిపించెను. దీపము ఆరియున్నది. డ్రైవరు తాళము కొరకు చేయి చాచెను. "ఆగు నాయనా" అనెను ఉస్తాదు.

కొంతసేపటికి మరల వణకు పుట్టెను. ఈసారి తెరపై పి 0302! దోషము కాయిలు వెంటనే నడచి వచ్చినది. ప్లగ్గు నిర్దోషి. కాయిలు వెల ఎక్కడ, కన్వర్టరు వెల ఎక్కడ!

కుర్రవాడు విడిభాగముల అంగడికి పరుగెత్తెను. డ్రైవరు ప్రక్కకు పోయి, గంట ఆలస్యమగునని పెండ్లివారికి ఫోనులో చెప్పుచుండెను.