విక్ ఆన్ జీలో ఒక రాజుగారి పాదయాత్ర

ఆమ్‌స్టర్‌డామ్ నుంచి బెవర్‌వైక్ దాకా రైలు, అక్కణ్ణించి బస్సు. జనవరి చలి ఎముకలు కొరికేస్తోంది. ముందు ఉక్కు ఫ్యాక్టరీ పొగగొట్టాలు, తర్వాత ఇసుక దిబ్బలు, వాటి వెనక ఉత్తర సముద్రం. విక్ ఆన్ జీ అంటే అంతే. ఇంత చిన్న ఊరికి ప్రపంచ చదరంగ చాంపియన్లు వస్తున్నారంటే ఆ ఫ్యాక్టరీ పుణ్యమే. 1938లో బెవర్‌వైక్‌లో మొదలైన టోర్నమెంటు 1968లో ఇక్కడికి చేరింది. కంపెనీ చేతులు మారి, ఇప్పుడు బ్యానర్ల మీద టాటా స్టీల్ అని ఉంటుంది. మన గుంటూరు హరికృష్ణ 2012లో ఇక్కడే బి గ్రూపు గెలిచాడు. వరంగల్ అర్జున్ 2022లో చాలెంజర్స్ గ్రూపు కొట్టాడు.

గ్రాండ్‌మాస్టర్లూ మామూలు ఆటగాళ్లూ ఒకే హాల్లో ఆడతారు. పెద్దల బల్లల దగ్గర జనం కిక్కిరిసి ఉంటే నేను ఔత్సాహికుల వరసలోకి జారుకున్నాను. ఉన్ని టోపీ పెట్టుకున్న పెద్దాయన ఒకాయన నల్లపావులతో పిర్ట్స్ డిఫెన్స్ ఆడుతున్నాడు. నడిమి గళ్లు అవతలివాడికి వదిలేసి, శకటును గుర్రం పక్కన మూలకు చేర్చి, సమయం చూసి దెబ్బ తీద్దామనే పద్ధతి అది. నేనైతే ఆ ధైర్యం చేయను.

ఈ ఊళ్లోనే 1999 జనవరి 20న ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్ మీద గ్రాండ్‌మాస్టర్ టపలోవ్ అదే డిఫెన్స్ ఆడాడు. ఎనిమిదో ఎత్తులో కాస్పరోవ్ తన శకటును ఎదురు పెట్టి ఆ మూల శకటును మార్పించాడు. అతని మంత్రి హెచ్6లో కూర్చుంది. దాంతో నల్లరాజు కుడివైపు కోట కట్టుకునే దారి మూసుకుపోయింది. రాజు ఎడమవైపు తలదాచుకున్నాడు. 24వ ఎత్తులో తెల్ల ఏనుగు డి4 బంటును కొట్టి తనను తాను బలి పెట్టుకుంది. టపలోవ్ దాన్ని తీసేసుకున్నాడు. అంతే, రెండో ఏనుగు ఇ7కు దూకింది. దాన్ని ముట్టుకుంటే చెక్‌మేటే. ఇక రాజుగారి పాదయాత్ర: ఎ5, ఎ4, ఎ3, బి4, సి3, డి2, చివరికి శత్రువు మొదటి వరుసలో డి1. అంత వేటలో కాస్పరోవ్ 36వ ఎత్తు మాత్రం చెక్ కాదు. శకటును నింపాదిగా ఎఫ్1కు జరిపాడు. 44 ఎత్తులకు టపలోవ్ ఓటమి ఒప్పుకున్నాడు. ఆ టోర్నీలో కాస్పరోవ్‌కు పది పాయింట్లు, మన ఆనంద్‌కు అర పాయింటు తక్కువ.

24వ ఎత్తులో బలికొచ్చిన ఏనుగును తీసుకోకుండా రాజును బి6కు జరిపి ఉంటే నల్లవైపు నిలబడేదని తర్వాతి విశ్లేషణల్లో తేలింది. ఓడిన మనిషిని తప్పుపట్టడం తేలిక. నా లెక్కలో ఆ ఆటలో సగం వాటా టపలోవ్‌దే. అతను జాగ్రత్తపడి ఉంటే నేనీ చలిలో ఇంత దూరం వచ్చేవాణ్ణే కాదు.